ఎడమచేతి కత్తెరపై శాఖాపరమైన విచారణ

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? ఈ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పగల కార్యాలయం భూమి మీద ఇంతవరకు వెలియలేదు కనుక, ఆ పని మొదటే ముగించుకోవడం మర్యాద. అన్యాయం ఒక కత్తెరకు జరిగింది. ఆ కత్తెర పట్టిన దర్జీకి జరిగింది. దాన్ని తన చేతులతో తయారుచేసి, ఆ తరువాత చాలా ఏళ్లకు కన్నుమూసిన ఆమె తండ్రికి జరిగింది. ఎలా జరిగిందంటే, ఆ కత్తెరను బాగుచేశారు.

బాగుచేసినవారు సామాన్యులు కారు. వృత్తిపనివారికి కావలసిన కోత పనిముట్లన్నీ తయారుచేసే సంస్థవారు. దర్జీల కత్తెరలు, చెప్పులు కుట్టేవారి తోలుకత్తులు, వడ్రంగుల ఉలులు, తోటమాలుల కొమ్మకత్తెరలు, పుస్తకాలు బైండు చేసేవారి కత్తులు: మనిషి దేన్నయినా కోసి బతకదలచుకుంటే ఆ సంస్థ గడప తొక్కక తప్పదు. కార్ఖానా గేటు మీద పెద్ద అక్షరాలతో "మా పదును, మీ బతుకు" అని రాసి ఉంటుంది. (రెండింటిలో ముందుగా అరిగేది ఏదో రాయలేదు.)

గేటు దాటగానే లోపలి గోడకు ఒక నల్లరాతి ఫలకం కనిపిస్తుంది. ఉద్యోగకాలమంతా ఒక్క తప్పూ చేయకుండా పదవీ విరమణ చేసిన పనివారి పేర్లు దాని మీద చెక్కిస్తారు. రాయి చాలా పెద్దది, పేర్లు బహు కొద్ది. ఆ కొద్దిలో దర్జీ తండ్రి పేరొకటి. ఆయన ఆ కార్ఖానాలో సానరాయి ముందు కూర్చుని తల నెరిసినవాడు. సంస్థ ఆయనకు ఇచ్చినవాటిలో ఆయన ఇంటికి తీసుకుపోలేనిది ఆ పేరొక్కటే. అందుచేత దర్జీ అప్పుడప్పుడు ఆ దారిన వెళ్లినప్పుడు, గేటు ఊచల సందులోంచి దాన్ని చూసి వచ్చేది.

కత్తెర కథ చెప్పాలంటే ఆమె చేతి కథ చెప్పాలి. ఆమెది పుట్టుకతో పుర్రచేతి వాటం. బడిలో పంతులమ్మ ఆ చేతి కణుపుల మీద స్కేలుతో కొట్టి, దానికి సభ్యత నేర్పడానికి శక్తివంచన లేకుండా ప్రయత్నించింది. రాత విషయంలో గెలిచింది కూడా. కోత విషయంలో మాత్రం స్కేలు ఓడిపోయింది. మామూలు కత్తెర ఎడమచేతిలో పడితే గుడ్డను కోసే దాని రెండు అలుగులూ ఒకదాన్నొకటి ఒరుసుకోవు, అలిగిన దంపతుల్లా ఎడంగా జరుగుతాయి. మధ్యలో గుడ్డ నలుగుతుందే తప్ప తెగదు. కుట్టుపని నేర్చుకునే రోజుల్లో ఆ పిల్ల గుడ్డ మీద పడి ఏడవడం తండ్రి చూశాడు. కార్ఖానా మేస్త్రీని అడిగి, పక్కన పడేసిన ఉక్కుముక్కలు తీసుకుని, భోజన విరామాల్లో కూర్చుని, అద్దంలో చూపించినట్టు అన్నీ తిరగేసి ఒక కత్తెర తయారుచేశాడు. మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, సంస్థ ముద్ర తానే దగ్గరుండి కొట్టించాడు. ఆ పక్కన తండ్రి తన గుర్తు పొడిచాడు. అది చిన్న నక్షత్రం. ఆ రోజుల్లో ప్రతి సానవాడికీ ఒక గుర్తు ఉండేది, పనికి ఒక మనిషి జవాబుదారీగా ఉండాలని. (ఈ పద్ధతిని తరువాత రద్దు చేశారు. ఇప్పుడు యంత్రమే జవాబు చెబుతుంది.)

ఆ కత్తెరతోనే ఆమె పెళ్లికి ముందూ తరువాతా, భర్త ఉండగా, పోయాక కూడా, నర్సుల కోట్లు, బడిపిల్లల గౌన్లు, కిటికీల తెరలు కోస్తూ వచ్చింది. ఆమె కోస్తుంది, ఆడపడుచు కుడుతుంది. ఇద్దరికీ కలిపి ఒక గది, ఒక పొడవాటి బల్ల, ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీపెట్టె. నోళ్లు మాత్రం ఎవరిది వారికే.

తండ్రి ఉన్నంతకాలం కత్తెరకు ఆయనే సాన పట్టాడు. ఆయన తరువాత, సైకిలు తొక్కుతూ వీధుల్లో తిరిగే సానమనిషి పట్టాడు. సంస్థ ఉచితసేవ మొదలుపెట్టాక ఆ సైకిలు కనిపించడం మానేసింది.

"వదినా, కంపెనీవాళ్లే ఫ్రీగా సాన పట్టిస్తారంట. యాప్‌లో పెడితే ఇంటికొచ్చి తీసుకెళ్తారు," అంది ఆడపడుచు ఫోను చూపిస్తూ.

"ఊరికే ఇచ్చేవాళ్లు ఏదో ఒకటి పట్టుకెళ్లకుండా ఉండరు."

"పట్టుకెళ్తే పట్టుకెళ్లనీ. నిన్న ఆ తెరగుడ్డని నువ్వు కోశావో కొరికావో నాకైతే అర్థం కాలేదు. దానికి అంచు కుట్టేసరికి నా ప్రాణం తోకకొచ్చింది."

యాప్ సమస్యను ఎంచుకోమంది. 'పదును తక్కువ', 'పదును మరీ తక్కువ', 'పదును ఉన్నది కాని ఆశించిన ఆనందము కలుగలేదు' అని మూడు ఎంపికలు చూపించింది. ఏ చేయి అని అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పే చోటు కూడా అందులో లేదు. ఆడపడుచు మొదటిది నొక్కింది. సంస్థ మనిషి వచ్చి, కత్తెరను ఫొటో తీసి, సంచిలో వేసుకుని, తన ప్రవర్తనకు అయిదు నక్షత్రాలు ఇప్పించుకుని వెళ్లాడు.

వారం తిరిగేలోగా కత్తెర మఖమలు గుడ్డ పరిచిన పెట్టెలో తిరిగి వచ్చింది. దానితోపాటు బంగారు అంచున్న ధ్రువపత్రం వచ్చింది. "ఈ కత్తెరయందు మౌలికమైన తయారీ లోపమును గుర్తించి, ఉచితముగా సవరించడమైనది. ఇంతకాలము లోపభూయిష్టమైన వస్తువును వాడవలసి వచ్చినందుకు తమరికి కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము."

ఏం సవరించారో ఆమెకు పెట్టె తెరవగానే తెలిసింది. రెండు అలుగులనూ విప్పి, పదునున్న వైపును అరగదీసి, లేని వైపున పదును పెట్టి, తిరగేసి బిగించారు. ఎడమచేతితో పట్టి చూసింది, గుడ్డ నలిగింది. కుడిచేతితో పట్టి చూసింది, అరిగి సన్నబడ్డ అలుగులు వదులై ఊగాయి. ఇప్పుడది ఏ చేతికీ పనికిరాని కత్తెర. ఈ విధమైన సమానత్వం సాధించడం సంస్థకు కూడా అదే మొదటిసారి కావచ్చు.

"ఏమైంది వదినా? అలా నిలబడిపోయావు?"

"బాగుచేశారు," అంది దర్జీ.

మర్నాడు ఇద్దరూ గదికి తాళం వేసి, కార్ఖానా ఆవరణలోనే ఉన్న సేవాకేంద్రానికి వెళ్లారు. దాని పేరు వినియోగదారుల ఆనందకేంద్రం. ఆనందం వరుసక్రమంలో అందడానికి గుమ్మం దగ్గర టోకెను యంత్రం ఉంది. కుర్చీలు ఒకదానికొకటి, అన్నీ కలిసి నేలకు, బోల్టులతో బిగించి ఉన్నాయి. (ఆనందం పట్టలేక ఎవరైనా ఎత్తుకుపోతారని కాబోలు.) అద్దం వెనక గుమాస్తా చెవికి తీగ తగిలించుకుని చిరునవ్వుతో ఉన్నాడు. ఆ చిరునవ్వు ఉద్యోగ నిబంధన.

"చెప్పండి మేడమ్, మీ ఆనందం గురించి."

"నా కత్తెర పాడుచేశారు బాబూ."

"పాడుచేసే సర్వీసు మా దగ్గర లేదు మేడమ్. సాన, సవరణ, మార్పిడి. ఈ మూడే."

"ఆ సవరణే చేశారు. ఇది ఎడమచేతి కత్తెర. కుడిచేతి దానిలా మార్చి పారేశారు."

గుమాస్తా మీటలు నొక్కాడు. తెర వంక చూశాడు. "ఎడమచేతి కత్తెరలు మేం చేయం మేడమ్."

"ఇదిగో, మీ ముద్రే కదా? నా చేతిలో ఉంది కదా?"

"ఉన్నా చేయం మేడమ్."

ఆడపడుచు ముందుకు వంగింది. "నాయనా, నువ్వు మంచివాడిలాగే ఉన్నావు. మీ ఇంట్లో ఎవరికీ ఎడమచేయి లేదా?"

"ఉందండీ. కాకపోతే వాడరు."

గుమాస్తాను తప్పుపట్టి లాభం లేదు. అతని ముందున్న నిబంధనావళిలో అచ్చంగా ఇలా ఉంది: "చేయి అనగా కుడిచేయి అని అర్థము చేసుకొనవలెను. ఎడమచేయి అనగా, కుడిచేయి పని చేయుచుండగా గుడ్డను కదలకుండ పట్టుకొనునది." పది వేళ్లలో అయిదింటి ఉనికిని ఇంత క్లుప్తంగా రద్దు చేయడం గొప్ప శాసనకర్తలకు కూడా సాధ్యం కాదు.

వారిని లోపల పదును పర్యవేక్షణాధికారి గదికి పంపారు. ఆయన బల్ల మీద ఉద్యోగుల భద్రత కోసం ఒక్క పదునైన వస్తువు కూడా ఉండదు. పెన్సిలు చెక్కుకోవడానికి కూడా ఆయన పై అనుమతి తీసుకుంటాడు. విషయమంతా విని, ఆయన ఆమెకు ఒక పరీక్ష పెట్టించాడు. సంస్థ తాజాగా తయారుచేసిన కత్తెర ఒకటి, తెల్లగుడ్డ ఒకటి ఇచ్చి, ఎడమచేతితో కోయమన్నారు. గుడ్డ నలిగి కత్తెర మధ్యలో ఇరుక్కుంది. పరిశీలకులు తలలు దగ్గరగా పెట్టి గుసగుసలాడుకుని ఫలితం ప్రకటించారు: పనిముట్టులో లోపము లేదు. వినియోగదారు చేతిలో లోపము కలదు. ఉచితముగా సవరించగలము.

"చేతిని కూడా విప్పి, తిరగేసి బిగిస్తారా సార్?" అంది ఆడపడుచు.

"ఆ సదుపాయం ఇంకా రాలేదమ్మా," అన్నాడు అధికారి నొచ్చుకుంటూ. "ప్రస్తుతానికి ట్రైనింగ్ ఇస్తున్నాం. కుడిచేతి పునరావాస శిక్షణ. సర్టిఫికెట్ కూడా ఉంటుంది."

అక్కడితో లేచి వచ్చేసి ఉంటే దర్జీకి పోయింది కత్తెర ఒక్కటే అయ్యేది. కాని ఆమెకు ఆ 'లోపం' అనే మాట ముల్లులా గుచ్చుకుంది.

"లోపం కాదు సార్. మా నాన్న తెలియక చేసింది కాదు. నా కోసం కావాలనే అలా చేశారు."

అధికారి కళ్లు వెలిగాయి. ఏ ఫిర్యాదునైనా యంత్రంలో మూసివేయాలంటే 'బాధ్యుడు' అనే గడి నిండాలి. సంస్థలో ఆ గడి నిండక ఎన్నో ఫిర్యాదులు ఏళ్ల తరబడి నోరు తెరుచుకుని ఉన్నాయి. అటువంటిది ఒక వినియోగదారు నడిచివచ్చి, బాధ్యుడి పేరును, అతని ఉద్దేశాన్ని కూడా తన నోటితో చెప్పడం ఆయన ఉద్యోగజీవితంలో ఎన్నడూ జరగలేదు. ఆయన కత్తెరను వెలుగుకు పట్టి నక్షత్రాన్ని చూశాడు. "మీ నాన్నగారు మా ఎంప్లాయీనా అమ్మా?" అని ఎంతో గౌరవంగా అడిగి, కత్తెరను సాక్ష్యంగా తన దగ్గరే ఉంచుకున్నాడు.

వారం రోజుల తరువాత ఆమె గేటు ఊచల్లోంచి చూసినప్పుడు ఫలకం మీద తండ్రి పేరు కనిపించలేదు. చెక్కిన పేరును విచారణ తేలేదాకా చెరపడం కుదరదు కనుక దాని మీద పసుపుపచ్చ స్టిక్కరు అంటించారు. 'సవరణలో ఉన్నది' అని దాని మీద రాసి ఉంది.

ఆ రోజు నుంచి ఆమె కత్తెర ఊసు ఎత్తలేదు. మామూలు కత్తెరను తలకిందులుగా పట్టుకుని, గుడ్డను తన వైపు కాకుండా అవతలి వైపు నుంచి కోయడం మొదలుపెట్టింది. కోసినది వంకరపోతే ఆడపడుచు నోరెత్తకుండా సర్ది కుట్టింది. (ఆడపడుచు నోరెత్తకుండా ఉందంటే విషయం ఎంతవరకు వచ్చిందో తెలిసినవారికి తెలుస్తుంది.) దర్జీకి ఇప్పుడు కావలసింది ఒక్కటే. ఆ స్టిక్కరు ఊడాలి.

ఆలోగా తండ్రి పేరిట అభియోగపత్రం వచ్చింది, విచారణకు హాజరు కమ్మని తాఖీదు వచ్చింది. ఆయన హాజరు కాలేదు. విచారణ గుమాస్తా ఫోను చేశాడు.

"మేడమ్, మీ ఫాదర్ రాలేదండీ ఇవాళ."

"ఆయన చనిపోయారు బాబూ."

"అయ్యో, సారీ మేడమ్." అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "మరి వచ్చే వారం వీలవుతుందా అండీ?"

వచ్చే వారం కూడా ఆయనకు వీలు కాలేదు. చివరకు, నిందితుడు మరణం సాకుతో పదేపదే గైర్హాజరు అవుతున్నందున, అతని తరఫున కూతురు నిలబడవచ్చునని సంస్థ ఉదారంగా అంగీకరించింది.

విచారణ కార్ఖానా పై అంతస్తులోని పొడవాటి గదిలో జరిగింది. నిందితుడి కోసం ఒక కుర్చీ వేసి, ముందు పేరు రాసిన అట్టముక్క, గ్లాసుడు నీళ్లు పెట్టారు. బంట్రోతు గుమ్మంలోకి వెళ్లి తండ్రి పేరును మూడుసార్లు వసారాలోకి పిలిచాడు. పిలుపు వినిపించి దర్జీ తల వంచుకుంది. ఎన్నాళ్లయిందో ఆ పేరు ఎవరైనా అంత గట్టిగా పిలిచి. "పలకలేదు. ధిక్కారము," అని గుమాస్తా రాసుకున్నాడు. ఆడపడుచు ఆ కుర్చీలో కూర్చుని నీళ్లు తాగేసింది. నిందితుడు నీళ్లు స్వీకరించినట్లు కూడా గుమాస్తా రాసుకున్నాడు.

విచారణాధికారి పెద్దాయన. ఇస్త్రీ నలగని కోటు, తూచినట్టు మాట. ఆయన ముందు కత్తెరను సీలు వేసిన సంచిలో ఉంచి, సంచి తెరవడానికి సంస్థ కత్తెర ఒకటి అందించారు. ఆయన చటుక్కున ఎడమచేయి చాచారు. చాచి, కాలినట్టు వెనక్కి లాక్కుని, కుడిచేతితో అందుకున్నారు. సంచి మూల కోయడానికి ఆయన చాలా అవస్థ పడ్డారు. బల్ల అంచున దాక్కున్న ఆ ఎడమచేతి కణుపులు దర్జీకి కనిపించాయి. అవి ఆమెకు బాగా తెలిసిన కణుపులు.

"అయ్యా, తమరికి కూడా స్కేలేనా?" అంది మెల్లగా.

"విచారణకు సంబంధం లేని ప్రశ్న," అన్నారు ఆయన. ఆ చేయి కోటుజేబులోకి వెళ్లిపోయింది.

దర్జీకి ఒక క్షణం ఆశ కలిగింది. కలగకూడదు. తాను తిన్న దెబ్బలు వృథా కాలేదని నమ్ముకుని బతికేవారికంటే కఠినమైన న్యాయమూర్తులు లోకంలో ఉండరు.

సాక్షిగా పాత మేస్త్రీని పిలిపించారు. సానరాళ్ల రొదలో ఆయన చెవులు ఏనాడో కార్ఖానాకు అర్పణమైపోయాయి. లోపలికి రాగానే ఆయన అధికారులను వదిలేసి దర్జీ దగ్గరికి నడిచాడు.

"ఏం అమ్మాయ్, బాగా కోస్తోందా?"

"కోసింది బాబాయ్. ఇన్నాళ్లూ వెన్నలా కోసింది."

"సాక్షి నిందితుడి పక్షంతో మాట్లాడరాదు," అన్నారు విచారణాధికారి. "ఈ కత్తెర మీకు తెలిసే తయారైందా?"

"ఆ? గట్టిగా చెప్పాలి."

"మీకు తెలిసే తయారైందా?"

"తెలియకపోవడమేంటి! ముద్ర కొట్టించింది నేనే కదా."

"తప్పుడు కత్తెరకు సంస్థ ముద్ర ఎలా కొట్టించారు?"

"తప్పుడుది కాదయ్యా. పుర్రచేతిది. చంటిపిల్లలా గుడ్డ ముందేసుకుని ఏడుస్తుంటే చూడలేకపోయాం. ఎవరి చేతికి తగ్గది వాళ్లకి చేసిస్తే తప్పా?"

"సాక్షి, ఏడుపు ఆధారంగా ఉత్పత్తి జరిపినట్లు అంగీకరించారు," అని విచారణాధికారి చెప్పి రాయించారు. "ఉక్కు ఎక్కడిది?"

"పక్కన పడేసిన ముక్కలే."

"పక్కన పడేసినవి కూడా సంస్థవే. ఆ పక్క కూడా సంస్థదే."

అంతటితో అభియోగాలు రెండయ్యాయి. మొదటిది, సంస్థ ఉక్కును తీసుకుని తిరిగి ఇవ్వకపోవడం. రెండవది, ఆ ఉక్కుతో లోపభూయిష్టమైన కత్తెర తయారుచేయడం. రెండూ రుజువైతే స్టిక్కరు తీసివేసి, పేరున్న మేర రాతిని ఉలితో చదును చేస్తారు. (ఉలి సంస్థదే. దాని మీద వృత్తిదారులకు ప్రత్యేక రాయితీ ఉంది.)

దర్జీ లేచి నిలబడింది. ఇన్ని రోజులుగా ఆమె వారి నిబంధనల మధ్య తిరిగింది, వాటి నేత ఏ వైపు ఉందో ఆమె చేతికి తగిలింది. ఏ గుడ్డకైనా ఒక వైపు లాగితే చినగని నేత ఉంటుంది, ఇంకో వైపు లాగితే చినిగే నేత ఉంటుంది.

"అయ్యా, ఒక్క మాట. మా నాన్న తీసుకున్న ఉక్కు మీకు తిరిగి ఇచ్చేస్తే?"

విచారణాధికారి పుస్తకం తెప్పించారు. పేజీలు తిప్పారు. చదివారు. మళ్లీ చదివారు. "ఉక్కు ఉక్కుగా సంస్థకు తిరిగి చేరిన పక్షంలో, దానితో ఏ వస్తువూ తయారైనట్లు పరిగణించరాదు."

"అంటే కత్తెర తయారుకానట్టే కదా?"

"కానట్టే."

"తయారుకాని కత్తెరలో లోపం ఉండదు కదా?"

విచారణాధికారి పుస్తకం మూశారు. "ఉండదు," అన్నారు.

ఆడపడుచు ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు వదినా. పనికొచ్చినా రాకపోయినా అది మీ నాన్న చేతి పని. పెట్టెలో దాచుకుందాం."

"ఆయన చేతి పనంతా వీళ్లు అరగదీసేశారు కదే. ఇక మిగిలింది ఇనుమే," అంది దర్జీ. "ఇనుముకి పేరుండదు. ఆ గోడ మీద ఉన్నదానికి ఉంది."

కత్తెరను తూచడానికి సిద్ధం చేశారు. అప్పుడు పదును పర్యవేక్షణాధికారి ఒక న్యాయమైన అభ్యంతరం లేవనెత్తాడు. ముద్రలు ఉన్నంతవరకు అది వస్తువే. వస్తువును ఉక్కుగా స్వీకరించడం కుదరదు. సంస్థ ముద్రను, నక్షత్రాన్ని తీసివేయవలసి ఉంటుంది. బంట్రోతు కింద నుంచి ఆకురాయి తెచ్చాడు. ఎవరు అరగదీయాలన్నది తేలలేదు. అధికారులలో ఎవరికీ పనిముట్టు పట్టే అలవాటు లేదు. మేస్త్రీ తన ముసలి చేతులు ముందుకు చాచాడు.

"నాకివ్వండి," అంది దర్జీ.

ఆమె కత్తెరను బల్ల అంచుకు ఆనించి, ఆకురాయిని ఎడమచేత పట్టుకుంది. ముందు సంస్థ ముద్ర పోయింది. అది పైపైన కొట్టినది, తొందరగానే పోయింది. నక్షత్రం లోతుగా పొడిచినది. ఆకురాయి గీచే చప్పుడుకు అధికారులు చూపు తిప్పుకున్నారు. మేస్త్రీకి ఆ చప్పుడు వినిపించదు కనుక ఆయన ఒక్కడే ఆమె ముఖంలోకి చూడగలిగాడు. నక్షత్రం ఒక్కొక్క కొనే కరిగి, చివరకు చిన్న చుక్కయి, ఆ చుక్క కూడా పోయింది. రాలిన రజనును కూడా ఆమె అరచేత్తో ఊడ్చి త్రాసులో వేసింది. ఒకరి సొమ్ము ఉంచుకోవడం వారి ఇంటా వంటా లేదు.

తూకం తక్కువ వచ్చింది.

"ఆ రకం కత్తెరకు పట్టే ఉక్కు ఇంతకంటే ఎక్కువ," అన్నారు విచారణాధికారి. "మిగతాది?"

"మిగతాది మీ ఆనందకేంద్రంలో సానరాయి కింద ఉంటుందయ్యా. అరగదీసింది మీవాళ్లే కదా."

నిబంధనలలో దీనికి జవాబు లేదు. కనుక ఆ మిగతాది వెతికించవలసివచ్చింది. బంట్రోతు కింద సానరాయి గుంటను ఊడ్చి, చేటనిండా ధూళి తెచ్చాడు. అయస్కాంతం తెప్పించి ఇనుపరజనును వేరుచేశారు. సంస్థ ఉన్నతాధికారులు ముగ్గురు కాగితపు ముక్కలతో రజనును కొద్దికొద్దిగా త్రాసులో రాలుస్తూ ఉంటే, ఎవరి తుమ్మును వారు ఆపుకుంటూ ఉంటే, ఆ దృశ్యం పూజలా ఉంది. ముల్లు నెమ్మదిగా లేచింది. సరితూగింది. తూగి, ఆగక, రవ్వంత అవతలికి వాలింది.

"ఎక్కువైంది," అన్నాడు గుమాస్తా బెదిరిపోయి. ఎక్కువైనా లెక్క మూతపడదు. చిటికెడు రజను తీసి పక్కన పెట్టారు. ముల్లు నిలబడింది.

అప్పుడు విచారణాధికారి లేచి నిలబడి తీర్పు చెప్పారు. నిందితుడు తీసుకున్న ఉక్కు యావత్తూ సంస్థకు తిరిగి ముట్టింది. కనుక కత్తెర ఎన్నడూ తయారు కాలేదు. కనుక లోపమూ లేదు. "ఈ ఉద్యోగి తన సేవాకాలంలో ఏ తప్పూ చేయలేదని, ఏలయనగా ఏమీ చేయలేదని, సందేహాతీతంగా రుజువైనది. పేరును యథాస్థితికి తీసుకురావలెను."

"ఏమీ చేయలేదా?" అంది ఆడపడుచు. "ఆయన సాన పట్టిన కత్తెరలు ఊరూరా కోస్తుంటే?"

"వాటి మీద ఫిర్యాదు రాలేదు కదమ్మా," అన్నారు విచారణాధికారి. "ఫిర్యాదు లేనిదాన్ని మేం లెక్కలోకి తీసుకోం."

దర్జీ ఆడపడుచును మోచేత్తో పొడిచింది. కిటికీలోంచి కింద గోడ కనిపిస్తోంది. బంట్రోతు అప్పటికే స్టిక్కరు అంచును గోటితో గీరుతున్నాడు. ఒక్కొక్క అక్షరమే బయటపడుతోంది. పూర్తి పేరు కనిపించేవరకు ఆమె అక్కడి నుంచి కదలలేదు.

వెళ్లబోతుంటే గుమాస్తా వెనక నుంచి పిలిచి, కాగితం పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు. పక్కన తీసిపెట్టిన చిటికెడు రజను.

"ఇది మీకెళ్లాలి మేడమ్. లెక్కలో ఎక్కువొచ్చింది. ఇక్కడ సంతకం పెట్టండి, కంపెనీ నుంచి రావాల్సిందంతా ముట్టిందని."

"ఇది మా కత్తెరది కాదు బాబూ. మీ సానరాయి కింద ఇంకెవరిదో అరిగింది."

"ఎవరిదైతేనేం మేడమ్. వాళ్లు అడగలేదు కదా."

ఆమె సంతకం పెట్టింది. ఒక కత్తెరకు, ఒక చేతికి, ఒక మనిషి జీవితకాలపు పనికి గాను సంస్థ పడి ఉన్న పాత బాకీ ఆ విధంగా, చిటికెడు ఇనుపరజను రూపంలో, రసీదుతో సహా పూర్తిగా తీరిపోయింది.